ధూళి మాటున పుట్టే నక్షత్రాలను సుదూర గెలాక్సీలలో గుర్తించడం ఎలా

నక్షత్రాలు ఎక్కడ జోరుగా పుడతాయో అక్కడే ధూళి కూడా దట్టంగా పేరుకుని ఉంటుంది. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాలు ప్రధానంగా అతినీలలోహిత కాంతిని వెదజల్లుతాయి. మైక్రాన్ కన్నా చిన్నవైన ధూళి కణాలు ఆ కాంతిని చాలావరకు పీల్చుకుని, 20 నుంచి 60 కెల్విన్ల దాకా వేడెక్కి, అదే శక్తిని 100 మైక్రాన్ల పరిసరాల్లో దూర పరారుణ వికిరణంగా తిరిగి వదులుతాయి. 1989లో ప్రయోగించిన కోబ్ ఉపగ్రహం సేకరించిన కొలతల నుంచి, ఆ తరువాతి దశాబ్దం ద్వితీయార్ధంలో, ఆకాశమంతటా పరచుకున్న పరారుణ నేపథ్య కాంతిని శాస్త్రవేత్తలు వేరుచేసి చూపారు. విశ్వ చరిత్రలో నక్షత్రాలు వెలువరించిన శక్తిలో సుమారు సగం ఇలా ధూళి చేతులు మారిన తరువాతే మనల్ని చేరుతోందని దానితో స్పష్టమైంది. కాబట్టి హబుల్ చిత్రాలను మాత్రమే ముందు పెట్టుకుని ఒక గెలాక్సీలో ఏడాదికి ఎన్ని నక్షత్రాలు పుడుతున్నాయో లెక్క కట్టే వారికి ఆ లెక్కలో పెద్ద భాగం దొరకనే దొరకదు.

దొరకని ఆ భాగాన్ని, అందరికీ అందుబాటులో ఉన్న లోతైన సర్వేల సమాచారంతో ఎలా రాబట్టాలో ఈ వ్యాసం వరుసగా చెబుతుంది. కేటలాగులతో పని చేయడం, పైథాన్‌లో చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం మీకు వచ్చనుకుని రాస్తున్నాను. దూర పరారుణ కాంతిని పట్టుకోవడం కన్నా, పట్టుకున్న కాంతి ఏ గెలాక్సీదో తేల్చడమే ఈ పనిలో అసలైన కష్టం. అందుకే ఆ దశకు మిగిలినవాటి కన్నా ఎక్కువ చోటు ఇచ్చాను.

ముందుగా ఆకాశంలో చోటు ఎంచుకోండి

ధూళి గెలాక్సీల అధ్యయనానికి ఒకే తరంగదైర్ఘ్యం చాలదు గనుక, అనేక టెలిస్కోపులు పదేపదే చూసిన చోటును ఎంచుకోవాలి. ఫోర్నాక్స్ రాశిలోని గూడ్స్-సౌత్ ప్రాంతం మొదలుపెట్టడానికి చాలా అనువైనది. హబుల్, జేమ్స్ వెబ్, స్పిట్జర్, హెర్షెల్ అంతరిక్ష టెలిస్కోపులు, చిలీలోని ఆల్మా మిల్లీమీటర్ టెలిస్కోప్ అన్నీ అక్కడ లోతుగా చూశాయి. చంద్ర ఎక్స్-రే టెలిస్కోప్ అయితే మొత్తం మీద 70 లక్షల సెకండ్లు ఆ దిక్కునే గడిపింది. అరుదైన, అతి ప్రకాశవంతమైన గెలాక్సీలు కావాలంటే మాత్రం గూడ్స్-సౌత్ చాలా చిన్నది. అప్పుడు సెక్స్‌టాన్స్ రాశిలో 2 చదరపు డిగ్రీల మేర విస్తరించిన కాస్మోస్ ప్రాంతానికి వెళ్లాలి. లోతు, విస్తీర్ణం రెండూ ఒకే సర్వేలో దొరకవు. మీ ప్రశ్న సాధారణ గెలాక్సీల గురించా, అరుదైన వాటి గురించా అన్నది ఇక్కడే నిర్ణయించుకోండి, ఎందుకంటే తరువాతి దశలన్నీ దానిని అనుసరించే నడుస్తాయి.

ఏ కాంతి ఏం చెబుతుందో తెలుసుకుని చిత్రాలు సేకరించండి

హబుల్, వెబ్ చిత్రాలు మాస్ట్ భాండాగారంలోను, హెర్షెల్ చిత్రాలు యూరోపియన్ అంతరిక్ష సంస్థ భాండాగారంలోను, ఆల్మా సమాచారం ఆ సంస్థ సొంత భాండాగారంలోను ఉచితంగా లభిస్తాయి. దించుకునే ముందు ఒక్కొక్కటి దేనికి పనికొస్తుందో మనసులో స్పష్టంగా ఉంచుకోవాలి.

హబుల్ చిత్రాల్లో ధూళిని తప్పించుకుని బయటపడిన అతినీలలోహిత కాంతి కనిపిస్తుంది. వెబ్ సమీప పరారుణ చిత్రాలు, ముఖ్యంగా 4.4 మైక్రాన్ల ఫిల్టరులో తీసినవి, ధూళి వెనుక ఉన్న పాత, కొత్త నక్షత్రాల మొత్తం ద్రవ్యరాశిని చూపుతాయి. స్పిట్జర్ 24 మైక్రాన్ల చిత్రాలూ వెబ్‌లోని మిరి పరికరం చిత్రాలూ మధ్య పరారుణాన్ని చూపుతాయి. అక్కడ కర్బన వలయాలతో కూడిన పెద్ద అణువుల కాంతి 6.2, 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర శిఖరాలుగా లేస్తుంది. రెడ్‌షిఫ్ట్ 2 (అంటే విశ్వ వ్యాకోచం వల్ల కాంతి తరంగదైర్ఘ్యం మూడు రెట్లకు సాగే దూరం) వద్ద ఉన్న గెలాక్సీలో 7.7 మైక్రాన్ల శిఖరం మన దగ్గరికి వచ్చేసరికి 23 మైక్రాన్లకు జరుగుతుంది కాబట్టి, 24 మైక్రాన్ల సర్వేలు ఆ కాలపు గెలాక్సీలను బాగా పట్టుకోగలిగాయి. హెర్షెల్ 70 నుంచి 500 మైక్రాన్ల వరకు ధూళి వికిరణపు శిఖరాన్నే నేరుగా కొలిచింది. ఆల్మా, అంతకుముందు హవాయిలోని జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ టెలిస్కోప్, ఆ శిఖరానికి అవతలి వాలును, అంటే 850 మైక్రాన్లు, 1.1 మిల్లీమీటర్ల వంటి తరంగదైర్ఘ్యాలను చూస్తాయి.

ఆ అవతలి వాలుకు ఒక అపురూపమైన గుణం ఉంది. గెలాక్సీ దూరమయ్యే కొద్దీ దాని కాంతి మసకబారాలి. కానీ దూరంతో పాటు రెడ్‌షిఫ్ట్ కూడా పెరగడం వల్ల, మనం స్థిరంగా పెట్టుకున్న 850 మైక్రాన్ల కిటికీలోకి వాలు మీది ఇంకా ప్రకాశవంతమైన భాగం జరిగి వస్తుంది. ఈ రెండు ప్రభావాలు ఒకదానినొకటి దాదాపుగా రద్దు చేసుకుంటాయి. ఫలితంగా ఒకే ప్రకాశం ఉన్న గెలాక్సీ రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర ఉన్నా 8 దగ్గర ఉన్నా ఇంచుమించు ఒకే ఫ్లక్స్‌తో, అంటే మనకు చేరే ఒకే కాంతి పరిమాణంతో కనిపిస్తుంది. ఖగోళశాస్త్రంలో దూరం ఇంతగా అడ్డు రాని సందర్భం మరొకటి నాకు తోచదు. అయితే దీని వల్ల ఒక ఇబ్బంది కూడా ఉంది: 850 మైక్రాన్ల ప్రకాశాన్ని చూసి ఆ గెలాక్సీ దగ్గరిదో దూరపుదో చెప్పలేరు.

స్థానాలను సరిచూడండి

చాలామంది దాటవేసే దశ ఇది. వేర్వేరు టెలిస్కోపుల చిత్రాల్లో ఆకాశ నిర్దేశాంకాలు ఒకదానితో ఒకటి కచ్చితంగా కలుస్తాయని అనుకోకండి. గూడ్స్-సౌత్‌లోనే పాత హబుల్ కేటలాగులకు, ఆల్మా స్థానాలకు మధ్య ఉత్తర-దక్షిణ దిశలో సుమారు పావు ఆర్క్‌సెకండ్ (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3,600వ వంతు) తేడా ఉన్నట్టు బయటపడింది. వినడానికి స్వల్పమే, కానీ ఆల్మా స్పష్టత అర ఆర్క్‌సెకండ్ స్థాయిలో ఉన్నప్పుడు, అంత తేడా చాలు, ఒక గెలాక్సీ నడిబొడ్డున ఉన్న ధూళి మరుగు కేంద్రం అంచుకు జరిగినట్టు కనిపించడానికి. కొన్నిసార్లు పక్క గెలాక్సీదే ఆ కాంతి అన్నట్టు కూడా కనిపిస్తుంది. గయా ఉపగ్రహం కొలిచిన నక్షత్ర స్థానాలను ప్రమాణంగా తీసుకుని ప్రతి చిత్రాన్ని దానికి సరిపెట్టండి. సరిపెట్టాక, రెండు కేటలాగుల్లోనూ ఉన్న వస్తువుల స్థాన భేదాలను ఒక పటంగా గీసి చూడండి. ఆ చుక్కల గుంపు సున్నా చుట్టూ సమంగా ఉంటేనే ముందుకు సాగండి.

అభ్యర్థులను రెండు దారుల్లో వెతకండి

మొదటి దారి రంగు. 1.6 మైక్రాన్ల దగ్గర హబుల్‌కు కనిపించక, 4.5 మైక్రాన్ల దగ్గర మాత్రం తేటగా కనిపించే గెలాక్సీలను ఏరండి. 2019లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఇలా ఏరిన 63 గెలాక్సీలను ఆల్మాతో పరిశీలించి, వాటిలో 39 నుంచి 870 మైక్రాన్ల కాంతిని గుర్తించింది. హబుల్ కంటికి పూర్తిగా చీకటిగా మిగిలిన భారీ గెలాక్సీలు అవి. అయితే ఎరుపు రంగు ఒక్కటే సాక్ష్యం కాదు. నక్షత్రాలు పుట్టడం ఎప్పుడో ఆగిపోయిన ముసలి గెలాక్సీ కూడా ఎర్రగానే ఉంటుంది. గెలాక్సీ విశ్రాంత కాంతిలో, అంటే రెడ్‌షిఫ్ట్‌కు ముందున్న కాంతిలో, అతినీలలోహితం నుంచి దృశ్య కాంతికి ఉన్న తేడాను, దృశ్య కాంతి నుంచి సమీప పరారుణానికి ఉన్న తేడాతో కలిపి రెండు అక్షాల పటం మీద పెడితే ముసలివీ ధూళివీ చాలావరకు విడిపోతాయి. తుది తీర్పు మాత్రం దూర పరారుణానిదే.

రెండో దారి నేరుగా దూర పరారుణ, మిల్లీమీటర్ పటాల్లో శిఖరాలను వెతకడం. హెర్షెల్ పటాల్లో 250 కన్నా 350, 350 కన్నా 500 మైక్రాన్ల దగ్గర ప్రకాశం ఎక్కువగా ఉన్న వస్తువులు సాధారణంగా రెడ్‌షిఫ్ట్ 4 అంతకు మించిన దూరాలకు మంచి అభ్యర్థులు.

ఆల్మా పటంలో వెతికేటప్పుడు ప్రమాణం ఎంత కఠినంగా పెట్టాలో ఒక చిన్న లెక్కతో చూడండి. మీ పటంలో ఒకదానికొకటి సంబంధం లేని బీమ్‌లు (టెలిస్కోప్ విడదీసి చూడగల అతి చిన్న మచ్చలు) పది లక్షలు ఉన్నాయనుకుందాం. నాయిస్‌కు, అంటే పటంలోని యాదృచ్ఛిక ఒడుదొడుకుల స్థాయికి, నాలుగు రెట్లున్న శిఖరాలన్నింటినీ స్వీకరిస్తే, ఆ పటంలో అసలు గెలాక్సీ ఒక్కటీ లేకపోయినా సుమారు 30 శిఖరాలు మీ జాబితాలో చేరతాయి. ప్రమాణాన్ని ఐదు రెట్లకు పెంచితే అలాంటి అబద్ధపు శిఖరం ఒక్కటి కూడా రావడం అరుదు. ఈ లెక్కను కాగితం మీదే వదిలేయకుండా, పటం గుర్తును తలకిందులు చేసి, అంటే ప్రతి విలువను మైనస్‌తో గుణించి, అదే ప్రోగ్రామును మళ్లీ నడపండి. తలకిందులైన పటంలో దొరికే ప్రతి శిఖరమూ నాయిస్ నుంచి పుట్టినదే కాబట్టి, మీ అసలు జాబితాలో ఎన్ని అబద్ధాలు ఉండవచ్చో అది నిజాయితీగా చెబుతుంది. నాలుగుకు, ఐదుకు మధ్య ఉన్న శిఖరాలను పారేయనవసరం లేదు. వెబ్ చిత్రంలో సరిగ్గా అదే చోట ఎర్రని గెలాక్సీ ఉంటే వాటిని రెండో శ్రేణి జాబితాగా ఉంచుకోవచ్చు.

ఇక్కడే మరో పరీక్ష కూడా చేయాలి. తెలిసిన ఫ్లక్స్ ఉన్న కృత్రిమ వస్తువులను పటంలో చొప్పించి, మీ ప్రోగ్రాము వాటిలో ఎన్నింటిని తిరిగి కనుగొన్నదో, ఎంత ఫ్లక్స్‌తో కనుగొన్నదో చూడండి. మసక గెలాక్సీల సంఖ్య ప్రకాశవంతమైన వాటికన్నా ఎంతో ఎక్కువ కావడం వల్ల, గుర్తింపు అంచున నిలిచినవాటిలో నాయిస్ పైకి నెట్టిన మసక వస్తువులే ఎక్కువ ఉంటాయి. అందుకే అంచున కొలిచిన ఫ్లక్స్ సగటున నిజం కన్నా హెచ్చుగా వస్తుంది. ఎంత హెచ్చో ఈ కృత్రిమ పరీక్షే చెబుతుంది. ఆ మేరకు తగ్గించండి.

ఈ కాంతి ఏ గెలాక్సీదో తేల్చండి

హబుల్ అల్ట్రా డీప్ ఫీల్డ్‌లో 11 చదరపు ఆర్క్‌మినిట్లలో సుమారు 10,000 గెలాక్సీలు లెక్కకు వచ్చాయి. హెర్షెల్‌కు 500 మైక్రాన్ల దగ్గర ఉన్న స్పష్టత 36 ఆర్క్‌సెకండ్లు. అంత వ్యాసం గల వృత్తాన్ని ఆ చిత్రం మీద గీస్తే లోపల సుమారు 250 గెలాక్సీలు పడతాయి. వాటిలో కాంతి ఒకదానిదో, రెండింటిదో, కొన్నింటి మొత్తమో హెర్షెల్ పటం ఒక్కటే చెప్పదు. ఎంతసేపు చూసినా ఈ చిక్కు తీరదు, ఎందుకంటే ఆ పటంలో మిగిలే గజిబిజికి కారణం పరికరపు నాయిస్ కాదు, ఒకదాని మీద ఒకటి పడిన గెలాక్సీల వెలుగే.

ఎంత జాగ్రత్త అవసరమో చూపడానికి 1998 నాటి ఒక వస్తువు చరిత్ర చాలు. స్కూబా అనే కెమెరాతో హబుల్ డీప్ ఫీల్డ్‌ను 850 మైక్రాన్ల దగ్గర చూసినప్పుడు అన్నింటికన్నా ప్రకాశవంతంగా కనిపించిన వస్తువుకు హెచ్‌డీఎఫ్ 850.1 అని పేరు పెట్టారు. స్కూబా స్పష్టత 14 ఆర్క్‌సెకండ్ల పైమాటే. హబుల్ చిత్రంలో ఆ చోట సరైన జోడీ, అంటే ఆ కాంతికి మూలమైన గెలాక్సీ, దొరకలేదు. చాలా దగ్గరలో రెడ్‌షిఫ్ట్ 1.1 వద్ద ఒక దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఉండటంతో చర్చ మరింత చిక్కుబడింది. 2012లో గాని దాని రెడ్‌షిఫ్ట్ 5.18 అని తేలలేదు. అక్కడ అంత దట్టమైన ధూళి ఉంది గనుకనే హబుల్‌కు ఆ గెలాక్సీ కనిపించలేదు. ఆ తరువాత వెబ్ తన 4.4 మైక్రాన్ల ఫిల్టరుతో దానిని నేరుగా చూడగలిగింది.

అందుచేత ఒక్కో వస్తువుకు ఇలా సాగండి. ముందుగా స్థానంలో ఉండగల దోషాన్ని లెక్కించండి: బీమ్ వెడల్పును 0.6తో గుణించి సిగ్నల్-నాయిస్ నిష్పత్తితో భాగిస్తే సరిపోతుంది. 14 ఆర్క్‌సెకండ్ల బీమ్, ఐదు రెట్ల గుర్తింపు అయితే అది 1.7 ఆర్క్‌సెకండ్లు అవుతుంది. ఆ దోషానికి రెండు మూడు రెట్ల వ్యాసార్ధంలో రేడియో కేటలాగును వెతకండి. రేడియో తరంగాలను ధూళి అడ్డగించదు. పైగా భారీ నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలినప్పుడు పుట్టే రేడియో ప్రకాశానికి, దూర పరారుణ ప్రకాశానికి మధ్య బిగువైన సంబంధం ఉంది. రేడియో వస్తువులు ఆకాశంలో పలుచగా ఉంటాయి కాబట్టి యాదృచ్ఛికంగా ఒకటి మీ వృత్తంలో పడే అవకాశం తక్కువ. ఆ అవకాశం ఎంతో వస్తువుల సాంద్రతను బట్టి లెక్క కట్టి, 5 శాతం లోపు ఉంటేనే జోడీని నమ్మదగినదిగా రాసుకోండి. రేడియోలో ఏమీ లేకపోతే 24 మైక్రాన్ల కేటలాగును, ఆ పైన ఎర్రని వెబ్ గెలాక్సీలను చూడండి. అయితే రెడ్‌షిఫ్ట్ 3 దాటిన వాటిలో చాలావరకు రేడియో సర్వేల లోతుకు అందవని గుర్తుంచుకోండి.

ఆల్మా చిత్రం ఉంటే మాత్రం ఈ సంభావ్యతల అవసరం చాలావరకు తీరిపోతుంది. చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెనాలతో పని చేసే ఈ టెలిస్కోప్ ఇచ్చిన తొలి పెద్ద పాఠాల్లో ఒకటి 2013లో వచ్చింది. ఒకే యాంటెనాతో కనుగొన్న ప్రకాశవంతమైన 870 మైక్రాన్ల వస్తువులను తిరిగి చూస్తే, వాటిలో కనీసం మూడో వంతు రెండు లేదా అంతకన్నా ఎక్కువ గెలాక్సీలుగా విడిపోయాయి. అందుకే, బీమ్ వెడల్పుగా ఉన్న పటంలోని ఒక చుక్కకు ఒకే గెలాక్సీని అంటగట్టే అలవాటును మానుకోండి. హెర్షెల్ ఫ్లక్స్‌ను పంచాల్సి వచ్చినప్పుడు, వెబ్, రేడియో, 24 మైక్రాన్ల స్థానాలను ముందుగా ఇచ్చి, ప్రతి స్థానానికి ఎంత వాటా రాగలదో సంభావ్యతగా లెక్కించే ప్రోగ్రాములను వాడండి. వచ్చిన వాటాలో ఎంత అనిశ్చితి ఉందో దానినీ తప్పక దాచుకోండి.

రెడ్‌షిఫ్ట్‌ను ఒకే గీతతో నిర్ణయించకండి

ధూళి, రెడ్‌షిఫ్ట్ రెండూ గెలాక్సీని ఎర్రగానే చూపుతాయి. వెబ్ తొలి చిత్రాల్లో రెడ్‌షిఫ్ట్ 16 అని అంచనా వేసిన ఒక గెలాక్సీ, 2023లో స్పెక్ట్రమ్ తీసి చూస్తే 4.9 దగ్గర తేలింది; ధూళి ఎరుపుకు తోడు ప్రకాశవంతమైన ఉద్గార రేఖలు ఫిల్టర్లలో పడి ఆ భ్రమను కలిగించాయి. చాలా దూరపు అభ్యర్థి దొరికిందనిపించినప్పుడు మొదట దూర పరారుణ, మిల్లీమీటర్ పటాల్లో అదే చోట ఏమైనా ఉందేమో చూడండి.

కార్బన్ మోనాక్సైడ్ అణువు రేఖలు ఈ విషయంలో నమ్మదగిన సాధనం. వాటి విశ్రాంత పౌనఃపున్యాలు 115.2 గిగాహెర్ట్జ్ చొప్పున మెట్లుగా ఉంటాయి. హెచ్‌డీఎఫ్ 850.1 నుంచి 93.20, 111.84 గిగాహెర్ట్జ్ వద్ద రెండు రేఖలు వచ్చాయి. వాటి మధ్య దూరం 18.64, 115.2ను దానితో భాగిస్తే 6.18 వస్తుంది, అందులో ఒకటి తీసేస్తే రెడ్‌షిఫ్ట్ 5.18. ఆ విలువ ప్రకారం అయనీకరించిన కార్బన్ రేఖ 307.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. అక్కడే కనిపించింది కూడా. ఒకే రేఖ దొరికితే అది ఏ మెట్టుదో తెలియదు కాబట్టి, రెండోది దొరికే వరకు దానిని తాత్కాలికంగానే రాయండి.

కృష్ణబిలం వాటాను వేరు చేయండి

గెలాక్సీ కేంద్రంలోని భారీ కృష్ణబిలం కూడా ధూళిని వేడి చేస్తుంది. అయితే దాని చుట్టూ ఉన్న ధూళి వందల కెల్విన్లకు చేరుతుంది, అందుచేత మధ్య పరారుణంలో మెరుస్తుంది. చంద్ర ఎక్స్-రే కేటలాగులో వస్తువు ఉందో లేదో, రేడియో ప్రకాశం పరారుణంతో ఉండాల్సిన సంబంధాన్ని మించిందో లేదో, మధ్య పరారుణంలో నక్షత్రాల కాంతి కలిగించే ఉబ్బుకు బదులు నునుపైన ఏటవాలు గీత కనిపిస్తోందో లేదో చూడండి. 24 మైక్రాన్ల ఫ్లక్స్ ఒక్కదానితో నక్షత్ర జననాన్ని అంచనా వేస్తే ఈ దశలోనే ఎక్కువగా దెబ్బతింటారు.

నక్షత్ర జనన రేటును కట్టండి

8 నుంచి 1000 మైక్రాన్ల వరకు మొత్తం పరారుణ ప్రకాశాన్ని, కనీసం మూడు నాలుగు ఫిల్టర్ల ఫ్లక్స్‌లను కలిపి, రాబట్టండి. సూర్యుడి కన్నా లక్ష కోట్ల రెట్ల పరారుణ ప్రకాశం ఉన్న గెలాక్సీలో, నక్షత్రాల ద్రవ్యరాశుల పంపిణీ గురించి మీరు చేసే ఊహను బట్టి, ఏడాదికి 100 నుంచి 170 సూర్యుల ద్రవ్యరాశి మేర నక్షత్రాలు పుడుతున్నట్టు లెక్క. మన పాలపుంతలో అది రెండు సూర్యుల స్థాయిలోనే ఉంటుంది.

ఒకే మిల్లీమీటర్ ఫ్లక్స్ చేతిలో ఉంటే ఫలితం మీరు ఊహించిన ఉష్ణోగ్రత మీద పూర్తిగా ఆధారపడుతుంది. అదే ఫ్లక్స్‌కు ధూళి 30 కెల్విన్లు అనుకోవడానికి, 40 కెల్విన్లు అనుకోవడానికి మధ్య ప్రకాశం మూడు నాలుగు రెట్లు మారిపోవచ్చు. రెడ్‌షిఫ్ట్ 6 దగ్గర విశ్వ నేపథ్య వికిరణమే 19 కెల్విన్లు ఉంటుంది గనుక, అంతకన్నా చల్లని ధూళిని ఊహించకండి; ఆ నేపథ్యంతో పోల్చి మిగిలిన తేడానే టెలిస్కోప్ కొలుస్తుందని కూడా లెక్కలో పెట్టండి.

అతినీలలోహిత రంగును బట్టి ధూళిని సవరించే పద్ధతి, హైడ్రోజన్ ఆల్ఫా, బీటా రేఖల నిష్పత్తి 2.86 కన్నా ఎంత పెరిగిందో చూసే పద్ధతి, రెండూ ఒక మోస్తరు ధూళి ఉన్న గెలాక్సీలకు బాగా పని చేస్తాయి. ధూళి మరీ దట్టమైతే ఆ రెండూ బయటికి కనిపిస్తున్న పలుచని పొర గురించే చెబుతాయి, లోపల పూర్తిగా మరుగైన భాగం వాటికి అందదు. మొత్తం రేటు కోసం సవరించని అతినీలలోహిత రేటును, పరారుణ రేటును కూడండి. సవరించిన అతినీలలోహితాన్ని పరారుణంతో కూడితే మరుగున ఉన్న భాగాన్ని రెండుసార్లు లెక్కించినట్టవుతుంది.

కనిపించని వాటిని కూడా వాడుకోండి

ఒక్కొక్కటిగా చూస్తే దూర పరారుణానికి అందని మసక గెలాక్సీలను, ఒకే ద్రవ్యరాశి, ఒకే రెడ్‌షిఫ్ట్ ఉన్న గుంపులుగా చేసి, వాటి స్థానాల దగ్గర పటం ముక్కలను కత్తిరించి సగటు తీయండి. వంద గెలాక్సీల సగటులో నాయిస్ పదో వంతుకు తగ్గుతుంది. గెలాక్సీలు గుంపులుగా ఉండే అలవాటు వల్ల వెడల్పైన బీమ్‌లో పొరుగువాటి కాంతి కూడా కలిసి సగటును పెంచుతుంది. అదే కేటలాగు స్థానాలతో కృత్రిమ పటం తయారు చేసి, అదే పద్ధతిని దాని మీద నడిపి, ఆ అదనాన్ని కొలిచి తీసివేయండి. యాదృచ్ఛిక స్థానాల సగటు సున్నాకు రావాలి. రాకపోతే పటం నేపథ్యం సరిగా తీయలేదని అర్థం.

చివరగా మీ పట్టికలో ప్రతి గెలాక్సీకి కొలిచిన ఫ్లక్స్, సవరించిన ఫ్లక్స్, జోడీ ఎంత నమ్మదగినదో తెలిపే సంఖ్య, రెడ్‌షిఫ్ట్ స్పెక్ట్రమ్ నుంచి వచ్చిందో రంగుల నుంచి వచ్చిందో తెలిపే గుర్తు, కృష్ణబిలం ఉందన్న అనుమానం, లెక్కలో ఊహించిన ధూళి ఉష్ణోగ్రత, ఇవన్నీ వేర్వేరు నిలువు వరుసల్లో ఉండాలి. గుర్తింపు లేని చోట ఖాళీ వదలకుండా, నాయిస్‌కు మూడు రెట్లున్న విలువను గరిష్ఠ పరిమితిగా రాసి, అది పరిమితి అని తెలిపే గుర్తును పక్కనే పెట్టండి.